రద్దయిన కచేరీకి సాధన

విజయవాడ నుంచి హనుమాన్ జంక్షన్ వెళ్ళే దారిలో, హైవే దిగి ఎడమవైపు పొలాల్లోకి కొంత దూరం వెళ్తే ఆ ఫంక్షన్ హాలు వస్తుంది. మూఢం రోజులు కావడంతో అప్పట్లో పెళ్ళిళ్ళు లేవు. హాలు ఖాళీగా ఉందని ఒక బ్యాండు వాళ్ళు రిహార్సల్స్ కోసం తీసుకున్నారు. బ్యాండంటే ఊరేగింపు మేళం కాదు. హైదరాబాదు నుంచి వచ్చిన పాటల బృందం. కీబోర్డు, గిటారు, డ్రమ్స్, వేణువు, ఒక గాయని. వాళ్ళ పాటలు మా అమ్మాయి ఫోన్లో పొద్దస్తమానం మోగుతూనే ఉండేవి. విజయవాడలో పెద్ద కచేరీ పెట్టుకుని, అందులో ఒక కొత్త పాటకి వెనక నిలబడి పాడే గొంతులు కావాలని పటమటలో ఉన్న మా చర్చి క్వయర్‌ని అడిగారు.

ఆ క్వయర్‌లో నేను ఆల్టో, అంటే ఆడవాళ్ళలో కింది శ్రుతి గొంతు, పాడతాను. వారమంతా ఒక కాలేజీ ఆఫీసులో ఉద్యోగం. తీరిక దొరికినప్పుడు కథలు రాస్తాను. ఒక కథల పుస్తకం వచ్చింది కూడా. దాని తర్వాత నవల మొదలుపెట్టాను. మొదలుపెట్టి ఏళ్ళు గడిచినా నా దగ్గర మొదటి అధ్యాయం తప్ప ఏమీ లేదు. ఆ అధ్యాయాన్నే తెల్లవారుజామున డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని దిద్దుతూ ఉండేదాన్ని. ఒక మాట తీసి ఇంకో మాట పెట్టేదాన్ని, మర్నాడు పాత మాటే మళ్ళీ తెచ్చిపెట్టేదాన్ని. రెండో అధ్యాయంలోకి అడుగుపెట్టబోయిన ప్రతిసారీ చెడగొడతానేమోనన్న భయం పట్టుకుని వెనక్కి వచ్చేసేదాన్ని. ఎవరికీ ఒక్క పేజీ చూపించలేదు. మా ఆయన "ఎంతవరకొచ్చింది?" అని అడగడం కూడా మానేశారు.

అందుకే ఆ పిలుపు రాగానే ఎగిరి గంతేశాను. అంత పేరున్న వాళ్ళు పని ఎలా చేస్తారో చూడొచ్చు, వాళ్ళ దగ్గర ఏదో కిటుకు ఉంటుంది, అది కాస్త పట్టుకుంటే చాలనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం వ్యానులో బయల్దేరాం. మా క్వయర్ మాస్టారు ముందు సీట్లో కూర్చున్నారు. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. మాలో సగం మందికి స్వరం అంటే ఏమిటో నేర్పింది ఆయనే. సన్నగా జల్లు పడుతోంది. సాయంత్రం ఏడింటికల్లా ఇంట్లో ఉంటానని చెప్పి, బియ్యం కడిగి పెట్టి వచ్చాను.

హాల్లో పెళ్ళి వేదిక మీద వాళ్ళ వాయిద్యాలు పరిచి ఉన్నాయి. వెనక గోడకి ఎవరి పెళ్ళివో ఎండిన బంతిపూల దండలు ఇంకా వేలాడుతున్నాయి. మమ్మల్ని ఒక పక్కన ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి, "కొంచెం కూర్చోండి, మిమ్మల్ని పిలుస్తాం" అన్నాడు కీబోర్డు వాయించే అతను. బ్యాండుకి పెద్ద అతనే. పాట కట్టింది, రాసింది కూడా అతనే. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. మాసిన టీషర్టు, కాళ్ళకి చెప్పులు లేవు.

ఆ కొంచెంసేపు మూడు గంటలయింది. ఆ మూడు గంటలూ వాళ్ళు ఒక్క ముక్క దగ్గరే తిరిగారు. మొదలుపెట్టడం, సగంలో ఆగిపోవడం. గాయని గొంతు రెండుసార్లు జారిపోయింది. "సారీ, మళ్ళీ" అని మామూలుగా అనేసి మళ్ళీ అందుకుంది. ఫోన్లో విన్న ఆ గొంతేనా ఇది అనిపించింది. మాటలు ఇంకా కుదరని చోట "తననా తననా" అంటూ నెట్టుకొస్తోంది. డ్రమ్స్ అతను "వేగం ఎక్కువైంది" అంటాడు, కీబోర్డు అతను "నువ్వే పరిగెత్తావ్" అంటాడు. వేణువు అతను మధ్యలో లేచి వెళ్ళి టీ తాగొచ్చాడు. ఎవరి ముఖంలోనూ వెలుగూ లేదు, ఆవేశమూ లేదు. బస్సు కోసం ఎదురుచూసే వాళ్ళలా ఉన్నారు.

నేను పక్కకి వంగి మెల్లగా అడిగాను. "ఏంటి మాస్టారూ, వీళ్ళకి పాట రాదా?"

"రాదమ్మా" అన్నారాయన వేదిక మీంచి చూపు తిప్పకుండా. "ఇంకా పాటైతే కదా రావడానికి!"

చివరికి మమ్మల్ని పిలిచారు. పాట ఒక పడవ కోసం రేవులో ఎదురుచూసే ఆడమనిషి గురించి. రెండో చరణం చివర మేమంతా అందుకోవలసిన వరుస ఒకటుంది. "చినుకు చినుకున వరాలు కురిసె" అని. నాలుగైదుసార్లు పాడాం. బాగానే వచ్చిందన్నారు కానీ, ఆ చోటుకి రాగానే పాట ఎందుకో చల్లబడిపోతోంది. నాక్కూడా తెలుస్తోంది. నాకెందుకులే అని ఊరుకున్నాను.

అప్పటికి బయట వాన జోరందుకుంది. రేకుల మీద ఆ మోతకి మా గొంతులు మాకే వినపడడం లేదు. ఆరవుతుండగా వ్యాను డ్రైవరు ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని లోపలికొచ్చాడు.

"కల్వర్టు మీంచి పారుతున్నాయండీ నీళ్ళు. రోడ్డు కనపట్లేదు. ఇప్పుడు బండి తియ్యడం కుదరదు."

"ఎంతసేపు పడుతుందయ్యా?" అన్నారు మాస్టారు.

"ఎంతసేపని ఏం చెప్తామండీ. పైనించి ఇంకా వస్తానే ఉన్నాయి."

మా ఆయనకి ఫోన్ చేశాను. "పాట పాడ్డానికి ఇదా టైము? వాన పడతందని టీవీలో పొద్దుట్నించీ చెప్తానే ఉన్నారు" అన్నారు. వెనక అమ్మాయి ఏదో అడుగుతోంది. కుక్కర్ ఎలా పెట్టాలో చెప్పేలోపే లైను కట్టయింది. కాసేపటికి కరెంటు కూడా పోయింది. ఆడవాళ్ళం మేడ మీద పెళ్ళికూతురి గదిలో, తివాచీల మీద పడుకున్నాం. పడుకున్నామనే గానీ, ఆ గదికి ఒక్క చిన్న కిటికీ. గోడల మీద పాత సెంటు వాసన. నాకు ఊపిరాడనట్టయింది.

తెల్లారి కిటికీలోంచి చూస్తే పొలాలు లేవు. అంతా ఒకటే నీళ్ళు, బురద రంగులో. గట్లు, కాలవ, మేమొచ్చిన దారి ఏవీ ఆనవాలు తెలియడం లేదు. దగ్గర్లో చేపల చెరువు గట్టు తెగినట్టుంది, కార్లు పెట్టే చోట మోకాలి లోతు నీళ్ళలో చేపలు తిరుగుతున్నాయి. వాచ్‌మన్ భార్య దోమతెర పట్టుకుని వాటి వెంట పడింది. ఆ రెండు రోజులూ మేం తిన్నది ఆవిడ వండిన చేపల పులుసే. జనరేటర్లో డీజిల్ కొంచెమే ఉందని, నీళ్ళ మోటారుకీ ఫోన్ల ఛార్జింగుకీ తప్ప వెయ్యొద్దన్నారు. వార్తలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారట. విజయవాడలో కొన్ని పేటలు మునిగాయట. లంక గ్రామాలు ఖాళీ చేయిస్తున్నారట.

ఆ ఆఖరి మాట విన్నప్పుడు కీబోర్డు అతని ముఖం మారిపోయింది. అప్పుడు తెలిసింది, అతనిది దివిసీమలో ఒక లంక ఊరని. వాళ్ళ నాన్నదీ అన్నదీ చేపల వేట. వాళ్ళెవరి ఫోన్లూ కలవడం లేదు. అతను మేడ మెట్ల మీద సిగ్నల్ దొరికే చోట నిలబడి చేస్తూనే ఉన్నాడు. అంతలో విజయవాడ నుంచి నిర్వాహకుల ఫోన్ వచ్చింది. మాట్లాడి కిందికొచ్చి అందరి ముందూ చెప్పాడు.

"కచేరీ రద్దు చేశారు. గ్రౌండులో నిలువెత్తు నీళ్ళున్నాయంట."

మా వాళ్ళలో పసిపిల్లని అత్తగారి దగ్గర వదిలి వచ్చిన ఒకామె ఏడుపు మొదలెట్టింది. మిగతావాళ్ళు ఆమె చుట్టూ చేరి ప్రార్థన చేసుకున్నారు. నాకు ప్రార్థన కూడా నోట్లోకి రాలేదు. గేటు దాకా వెళ్ళడం, నీళ్ళు తగ్గాయేమో చూడడం, వెనక్కి రావడం. ఇదే పని. ఇంట్లో రోజూ పడే పాటు నుంచి ఒక్కపూట బయటపడదామని వస్తే, వచ్చి ఇక్కడ ఇరుక్కున్నాను.

కాసేపయ్యాక కీబోర్డు అతను వేదిక ఎక్కాడు. కరెంటు లేదు కాబట్టి కీబోర్డు పలకదు. సంచీలోంచి చిన్న హార్మోనియం లాంటిది తీసి ఒళ్ళో పెట్టుకుని, "రెండో చరణం నుంచి చూద్దాం" అన్నాడు.

డ్రమ్స్ అతను కదల్లేదు. "దేనికి?" అన్నాడు.

"పాట అవ్వలేదుగా."

"ఎవడికోసం రా అవ్వాలి? కచేరీ లేదన్నావుగా. మీ ఇంట్లోవాళ్ళు ఎక్కడున్నారో తెలీదు. నువ్వేంటి, ఇక్కడ కూర్చుని చరణాలు సరిచేస్తానంటావ్?"

"ఇంకేం చెయ్యమంటావ్ రా?" అన్నాడు కీబోర్డు అతను. "ఈదుకుంటా పొమ్మంటావా? ఫోన్ పట్టుకుని మెట్ల మీద కూర్చుంటే పిచ్చెక్కిపోతోంది. ఇదొక్కటే నా చేతిలో ఉంది."

"నా వల్ల కాదు. నేను పోతున్నా" అని డ్రమ్స్ అతను నిజంగానే సంచీ తగిలించుకుని బయటికెళ్ళాడు. మేమంతా గేటు దగ్గరికి పరిగెత్తాం. రోడ్డున్న చోటు అనుకుని నాలుగడుగులు వేశాడో లేదో నడుము దాకా దిగిపోయాడు. నిలబడ్డాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. తిరిగి వచ్చాడు. మాస్టారు తన తువ్వాలు ఇచ్చారు. అతను తల తుడుచుకుని, తడి బట్టలతోనే ఒక ప్లాస్టిక్ కుర్చీ తిరగేసి ముందు పెట్టుకుని, "ఎక్కణ్ణించి?" అన్నాడు.

నేనింత కాలం పేరున్న వాళ్ళు ఇష్టంతోనో ఉత్సాహంతోనో పని చేస్తారనుకున్నాను. ఆ రోజు నేను చూసింది వేరు. పాట ముందుకు కదలడం లేదు, దాన్ని వదిలి పోవడానికి దారి లేదు, అందుకని మళ్ళీ దాని దగ్గరికే వచ్చి కూర్చున్నారు. మామూలు రోజుల్లో కూడా ఇలాగే ఉంటుందా అని వేణువు అతన్ని తర్వాత అడిగాను. "వానొక్కటే తేడా అండీ" అన్నాడు.

కరెంటు లేకపోవడంతో అన్నీ చప్పబడిపోయాయి. వాయిద్యాల హోరు లేదు. ఎక్కడ తప్పు పోయినా అందరికీ వినబడుతోంది. గాయని మాకు నాలుగడుగుల దూరంలో నిలబడి పాడుతోంది. ఆమె గొంతు పగలడం, గుటక మింగడం, మళ్ళీ ఎత్తుకోవడం దగ్గర్నుంచి చూశాను. నాకు ఆశ్చర్యం కలిగించిందేమిటంటే ఆమె సిగ్గుపడకపోవడం. బాగోలేని దాన్ని అందరి ముందూ బయట పెడుతోంది, బయట పెట్టాకే దాని సంగతి చూస్తోంది. నేనైతే బాగోలేని ఒక్క వాక్యం మా ఇంట్లోవాళ్ళ కంట కూడా పడనివ్వను.

మేం మా వరుస పాడాం. పాట మళ్ళీ చల్లబడింది. గాయని నా వైపు తిరిగింది.

"అక్కా, ఈ లైను పాడేటప్పుడు మీకేమనిపిస్తోంది?"

"బాగుందండీ" అన్నాను.

"బాగుంటే మీరందరూ ఒకేసారి గొంతు ఎందుకు తగ్గిస్తున్నారు?"

రాసిన మనిషి ఎదురుగానే ఉన్నాడు. తనవాళ్ళ సంగతి తెలియక ఉన్నాడు కూడా. మాస్టారి వైపు చూశాను. ఆయన చెప్పమన్నట్టు తలూపారు.

"చుట్టూ నీళ్ళు పెట్టుకుని వరాలు కురిసెనంటుంటే నోరు రావట్లేదండీ" అన్నాను.

"రేపు ఈ నీళ్ళు పోతాయిగా" అన్నాడు కీబోర్డు అతను. "వానొచ్చిందని పాట మార్చుకుంటామా?"

అతనన్నది నిజమే. అక్కడితో ఆగిపోయి ఉండొచ్చు. ఎందుకో ఆగలేకపోయాను. "కాదండీ. నిన్న నీళ్ళు రాకముందు కూడా అక్కడ నాకు ఏదోలా ఉంది. పాటంతా రేవులో నిలబడ్డ మనిషి మాట్లాడతన్నట్టుంటది. ఈ లైను దగ్గర మాత్రం మీరు మాట్లాడుతున్నారు. పడవ ఇంకా రాలేదు కదండీ. ఆవిడకి చినుకులు వరాల్లాగా ఎందుకు కనపడతాయి?"

అన్నాక భయమేసింది. అతను హార్మోనియం మీద ఆ వరుస ఒకసారి వాయించి చూసుకున్నాడు. తర్వాత, "ఆ లైను లేకుండా పాడండి" అన్నాడు.

లేకుండా పాడాం. పాట మధ్యలో గొయ్యి పడినట్టయింది. అంతకు ముందుకన్నా ఘోరంగా ఉంది. ఊరికే కూనిరాగం తీసి చూశాం. మొదటి చరణంలో మాటే తెచ్చి అక్కడ పెట్టి చూశాం. గాయని ఒక్కతే పాడి చూసింది. డ్రమ్స్ అతను కుర్చీ మీద చప్పుడు ఆపి చూశాడు. మధ్యాహ్నం భోజనాలైనా అదే పని. ఏదీ కుదరలేదు. ఉన్నదాన్ని ఊడగొట్టిపెట్టానే అని నాకు లోపల పీకుతోంది. అతని దగ్గరికెళ్ళి, "ఏమనుకోకండి, నేను అనవసరంగా నోరు జారాను" అన్నాను.

"మీరేం చెడగొట్టలేదండీ" అన్నాడు. "అది ముందునుంచే బాలేదు. నాకు తెలుసు. అందంగా ఉంది కదా అని వదల్లేకపోతున్నా."

ఆ మాటతో నా మొదటి అధ్యాయం కళ్ళ ముందుకొచ్చింది. అందులో ప్రతి వాక్యమూ అందంగానే ఉంటుంది. అందులో మనిషే లేడు. ఆ సంగతి నాకు చాలాకాలంగా తెలుసు. తెలిసీ, రోజూ తెల్లవారుజామున లేచి దాన్నే తుడుస్తూ కూర్చున్నాను.

సాయంత్రం వెలుతురుండగానే కీబోర్డు అతని ఫోన్ మోగింది. వాళ్ళ అన్న. అందరూ పక్క ఊరి బళ్ళో ఉన్నారట. పడవ కొట్టుకుపోకుండా కట్టేసుకున్నారట. ఇంట్లోకి నీళ్ళొచ్చాయి గానీ మనుషులకేం కాలేదట. అతను "ఆఁ అన్నయ్యా, ఆఁ" అంటూ విని, ఫోన్ పెట్టేసి మాకు చెప్పాడు. మా వాళ్ళు గట్టిగా స్తోత్రం చెప్పారు. డ్రమ్స్ అతను వచ్చి భుజం మీద చెయ్యేశాడు. కీబోర్డు అతను మళ్ళీ హార్మోనియం దగ్గర కూర్చున్నాడు కానీ వాయించలేకపోయాడు. పొద్దుట్నుంచీ భయంలో గట్టిగా నిలబడ్డ మనిషి, భయం తీరాక కూలబడిపోయాడు. ఆ పూటకి పాట అక్కడే ఆగింది.

మర్నాడు కూడా పాడారు. మేం కూడా పాడాం. ఆ గొయ్యి పూడలేదు. నాకు విసుగొచ్చింది, ఇంటి మీద బెంగ పట్టుకుంది, ఒకదశలో ఆ పాటంటేనే అసహ్యం వేసింది. ఇంకోసారి అంటే లేచిపోదామనుకున్నాను. ఎక్కడికి లేచిపోతాను? వాళ్ళు ఇంకోసారి అన్నారు. పాడాను.

ఆ మధ్యాహ్నం పక్క ఊరి రైతు ట్రాక్టరు తెచ్చాడు. ట్రక్కులో ఒకరినొకరు పట్టుకుని నిలబడి హైవే మీదికొచ్చాం. వీడ్కోలు కూడా సరిగ్గా చెప్పుకోలేదు. ఆటోనగర్ దగ్గర దిగి, బురదలో నడుచుకుంటూ పటమట చేరాను. మా అపార్టుమెంటు కింద పార్కింగులోకి మాత్రమే నీళ్ళొచ్చాయి. అమ్మాయి నన్ను పట్టుకుని వదల్లేదు. మా ఆయన కాఫీ కలిపి తెచ్చారు. అన్నం ఆయనే వండారు, కాస్త మాడింది.

కొన్ని నెలలకి ఆ పాట బయటికొచ్చింది. అమ్మాయి చెవిలో పెట్టుకునేవి ఒకటి నాకిచ్చి, ఒకటి తను పెట్టుకుంది. ఆ చోటు రాగానే సౌండు పెంచమన్నాను. వరాల లైను లేదు. మేం ప్రయత్నించినవి కూడా ఏవీ లేవు. గాయని ఒడ్డు మీద నిలబడి దూరాన ఉన్న పడవని కేకేసినట్టు ఒక్క కేక వేసింది, అంతే. దాని తర్వాత వెనక గొంతులు అందుకున్నాయి. అవి మావి కావు. హైదరాబాదులో వేరే వాళ్ళ చేత పాడించారు.

"మీ గొంతులేవమ్మా?" అంది అమ్మాయి.

"లేవు" అన్నాను. బాధేసింది. రెండు రోజులు ఆ పాట పెట్టొద్దన్నాను. అక్కడ మేం పడ్డ శ్రమంతా దేనికి పనికొచ్చిందని మాస్టారి దగ్గర నిష్ఠూరమాడితే, "ఆ కేక దొరకడానికి ముందు కుదరనివన్నీ ఎవరో ఒకరు పాడాలి కదమ్మా" అన్నారు. అది నన్ను ఓదార్చడానికి అన్నారో, నిజంగానే అన్నారో తెలియలేదు. కానీ ఆ కేక సరైనదే. అందులో నాకు అనుమానం లేదు.

ఆ నెలలోనే నా మొదటి అధ్యాయాన్ని పక్కన పడేశాను. సంతోషంగా పడేశానని చెప్పను, పన్ను పీకించుకున్నట్టుంది. రెండో అధ్యాయం నుంచి రాయడం మొదలుపెట్టాను, గబగబా, ఎలా వస్తే అలా. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో మాస్టారికి కొన్ని పేజీలు చదివి వినిపించాను. చదువుతుంటే చెవులు కాలిపోయాయి. ఆయన అంతా విని, "ఇందులో ఎవరు ఎవరితో మాట్లాడతన్నారో నాకర్థం కాలేదమ్మా" అన్నారు. ఇంటికొచ్చి అన్నం తినలేదు. మర్నాడు అదంతా తిరిగి రాశాను. తర్వాతి ఆదివారం మళ్ళీ చదివాను. ఈసారి ఆయనకి అర్థమైంది, కానీ నిద్రొచ్చింది.

ఇప్పుడు నవల సగం దాటింది. సగం దాటాక మళ్ళీ కదలడం లేదు. అందులో ఒకామె ఇల్లు వదిలి వెళ్ళాలి, ఆమె గడప దాటదు. పదిరకాలుగా రాసి చూశాను. తెల్లవారుజామున అదే డైనింగ్ టేబుల్, అదే గోడ, నాకూ ఆమెకీ ఇద్దరికీ దారి లేదు. కొన్ని పూటలు ఇదంతా మానేసి హాయిగా పడుకుందామనిపిస్తుంది. పోయిన ఆదివారం ఆ ముక్క మాస్టారికి వినిపిస్తే, "ఆమె అసలు వెళ్ళాలనుకుంటోందా, నువ్వు పంపాలనుకుంటున్నావా?" అని అడిగారు. నాకింకా జవాబు తెలియదు. ఇవాళ కాలేజీకి సెలవు. అమ్మాయి ఇంకా లేవలేదు. ఆ పేజీ ముందు పెట్టుకుని కూర్చున్నాను.